ఎడమవైపు బిళ్ళ

మంగళవారం ఐస్ హాకీ మ్యాచ్‌లో మైదానం గోడ పక్కన తగిలిన దెబ్బను అక్సెలి కోర్పెలా ఎలా దిగమింగాడో కిందటి వారం చూశాం. పడ్డాడు, లేచాడు, తనను కొట్టినవాడి వంక చూసి నవ్వాడు కూడా. హాలంతా చప్పట్లు. ఆ నవ్వు వెనక ఏముందో మనకు తప్ప కైస్లా ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. ఆ క్షణం నుంచి అతని కంటికి ప్రతిదీ జంటగా కనిపిస్తోంది. మంచు మీద జారే నల్ల రబ్బరు బిళ్ళలు రెండు, రిఫరీకి రెండు తలకాయలు, ఇంటి తలుపుకి రెండు గడియలు. తలకు దెబ్బ తగలడం ఇది మూడోసారి. రెండోసారి తగిలినప్పుడే జట్టు డాక్టరమ్మ లెహ్తోవారా మొహమాటం లేకుండా చెప్పేసింది: "ఇంకొక్కటి తగిలిందా, నీ ఆట కట్టు. నన్ను బతిమాలినా లాభం లేదు."

అందుకే దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాడు. గురువారం అలాగే బరిలోకి దిగాడు. దిగడమేమిటి, గెలుపు గోల్ కొట్టింది అతనే! ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో ఇప్పుడు మూడు మావి, రెండు వాళ్ళవి. రేపు ఆదివారం ఇంకొక్కటి గెలిస్తే కప్పు కైస్లాది. మా ఊరికి వెండి తెలుసు, కంచు తెలుసు. బంగారం ముఖం మాత్రం ఇంతవరకు చూసిన పాపాన పోలేదు.

ఇదీ సంగతి. విలేకరుల నుంచి తప్పించుకోవచ్చు, కోచ్ నుంచి తప్పించుకోవచ్చు. కానీ శనివారం మామగారింటి సౌనా ఆవిరి స్నానం నుంచి తప్పించుకున్న అల్లుడు మా ఫిన్లాండ్ దేశంలో ఇంకా పుట్టలేదు.

తలకు దెబ్బ తగిలినవాడు సౌనాకు దూరంగా ఉండాలన్నది జట్టులో అందరికీ తెలిసిన సంగతే. ఆ వేడి మెదడుకు పడదట. కాబట్టి ఎవడైనా మ్యాచ్ తర్వాత సౌనా ఎగ్గొడితే అందరి చూపూ ముందు వాడి నెత్తి మీదికే పోతుంది. గురువారం అక్సెలి చీలమండ వాచిందని వంక పెట్టాడు.

"చీలమండకి ఆవిరి తగలకూడదా? ఏ పుస్తకంలో రాశార్రా అది?" అన్నాడు కెప్టెన్ సంతేరి, తువ్వాలు భుజాన వేసుకుని.

"కాదులేరా, బంగారు టోపీవాడికి మన చెమట కంపు పడట్లేదు," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు, అక్సెలీ నవ్వాడు.

ఆ బంగారు టోపీ ఒకటి అతని ప్రాణానికి! జట్టులో ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళ నెత్తిన బంగారు రంగు హెల్మెట్ పెట్టడం మా లీగ్ ఆచారం. చూసేవాళ్ళకు అది గౌరవం, ఎదుటి జట్టుకు గురి. మంచు మీద ఎక్కడ దాక్కున్నా ధగధగా మెరుస్తుంది. మంగళవారం ఆ దెబ్బ కొట్టినవాడు కూడా దాన్ని చూసుకునే వచ్చాడు.

శనివారం సాయంత్రం. సరస్సు ఒడ్డున మామ రైమో సౌనా పొగగొట్టం లోంచి పొగ లేస్తోంది. ఏప్రిల్ చివర కదా, వెలుగు ఇంకా తగ్గలేదు. సరస్సు మీది మంచు నల్లబడి, పుచ్చిపోయి, కాలు పెడితే దిగబడేట్టుంది. అక్సెలి నల్లద్దాలు పెట్టుకుని కారు దిగాడు. అతని భార్య మింత్తు వాటి వంక ఒకసారి చూసింది. సాసేజ్‌ల సంచి తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"రారా అల్లుడూ! చీలమండ అట? ఆవిరికి చావని వాపుంటుందా? ఎక్కు పైకి," అన్నాడు రైమో. అప్పటికే పైమెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు ఇదే జట్టులో డిఫెండరు. ముందు పళ్ళు నాలుగూ తనవి కావు. మొండి మనిషే కానీ, మాట ఇస్తే ప్రాణం పోయినా తప్పడని ఊళ్ళో పేరు.

"ఈ రోజు కింద మెట్టు మీద కూర్చుంటా మామా. రేపు మ్యాచ్ కదా."

"కింద మెట్టు పసిపిల్లలకీ, స్వీడన్ వాళ్ళకీ. ఎక్కెహె!"

ఎక్కక తప్పలేదు. రైమో గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద చల్లాడు. బుస్సుమని ఆవిరి లేచి, పైకప్పుకు తగిలి, భుజాల మీదికి దిగింది. అక్సెలి తలలో ఎవరో లోపలి నుంచి తలుపు బాదుతున్నట్టు మొదలైంది. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ, ఇంకో రెండు గరిటెలు, అంతే, ఓర్చుకో అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఇక్కడ మామా అల్లుళ్ళ మధ్య ఒక పాత పేచీ ఉంది, అది చెప్పాలి. సౌనాలో ఒళ్ళు బాదుకోవడానికి లేత బర్చ్ చెట్టు కొమ్మల్ని కట్టగా కడతాం. మిడ్‌సమ్మర్ పండక్కి కోసినవి ఫ్రిజ్‌లో దాచుకుని, చలికాలమంతా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టుకుని వాడతాం. రైమోది తూర్పు. తూర్పువాళ్ళు దాన్ని 'వస్త' అంటారు. అక్సెలి పడమటి తీరం నుంచి కుర్రవాడిగా ఈ జట్టులో ఆడటానికి వచ్చినవాడు. వాళ్ళు దాన్ని 'విహ్త' అంటారు. ఇంతేనా అనుకోకండి. ఈ ఒక్క మాట దగ్గర పెళ్ళిళ్ళు కూడా ఆగబోయిన దేశం మాది! మింత్తు అతన్ని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు నుంచి ఈ పేచీ నడుస్తోంది. ఒకసారి రైమో, "ఒక్కసారి వస్త అను, నా మోటారు పడవ నీ పేర రాసేస్తా," అన్నాడు. "పడవ నువ్వే ఉంచుకో మామా, మా అమ్మకి ముఖం చూపించుకోవాలి," అన్నాడు అక్సెలి. పెళ్ళి విందులో తాగిన మైకంలో కూడా ఆ మాట అతని నోట రాలేదు.

అందుకే ప్రతి శనివారం రైమో అదే ఎర వేస్తాడు. ఈ శనివారమూ వేశాడు.

"ఆ బకెట్లో వస్త ఉంది, ఇటందుకో అల్లుడూ."

దీనికి అల్లుడి జవాబు ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు: "అలాంటి వస్తువు ఇక్కడ లేదు మామా, విహ్త ఒకటుంది, పనికొస్తుందా?" ఆ జవాబు కోసం రైమో అప్పుడే సగం నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

అక్సెలికి మాత్రం కింద రెండు బకెట్లు కనిపిస్తున్నాయి. తప్పుదాని మీద చెయ్యి వేస్తే ముసలాయన పట్టేస్తాడు. ఎడమదాని వైపు మెల్లగా చెయ్యి చాపాడు. చేతికి తడి ఆకులు తగిలాయి. అమ్మయ్య! బైటికి తీసి, నీళ్ళు విదిలించి, మామ చేతికందించాడు.

"ఇదిగో మామా, వస్త."

రైమో అందుకున్నాడు. అందుకుని, బాదుకోకుండా అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు. కట్ట కొసల నుంచి నీళ్ళు చెక్క మీద కారుతున్నాయి.

"ఏమన్నావ్?"

"ఏమన్నాను? ఇదిగో అన్నాను."

"దీన్ని ఏమన్నావ్?"

అక్సెలి వెతుక్కున్నాడు. నిజంగానే వెతుక్కున్నాడు. తన నోటి నుంచి ఒక నిమిషం కిందట వెళ్ళిన మాట ఏదో తనకే తెలీలేదు. తెలిసిన మాటలు రెండూ తలలో పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. వాటిలో తన అమ్మ మాట ఏదో, మామ మాట ఏదో పోల్చుకోలేకపోయాడు. 

"దిగు," అన్నాడు రైమో.

"ఏమైంది మామా..."

"దిగమన్నాను. గోడ పట్టుకుని దిగు. నేను పట్టుకుంటా."

బైట వరండా బల్ల మీద కూర్చోబెట్టి, భుజాల చుట్టూ తువ్వాలు కప్పాడు. ఇద్దరి ఒంటి నుంచీ ఆవిరి లేస్తోంది. రైమో అల్లుడి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. అక్సెలి కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఏది?"

"నా దగ్గర నాటకాలాడకురా. నేను నీకంటే ముందు మంచు మీద పడి లేచినవాణ్ణి. ఎప్పటినుంచి?"

"మంగళవారం."

"మంగళ... మరి గురువారం ఆడావుగా! గోల్ కొట్టావుగా!"

"రెండు బిళ్ళలు వచ్చాయి మామా. ఎడమవైపు దాన్ని కొట్టా."

రైమో నోట ఆపుకోలేని నవ్వొకటి వచ్చింది. వచ్చిన మరుక్షణమే ఆగిపోయింది. ముసలాయన బల్ల అంచున కూలబడ్డాడు.

"ఎస్కో గుర్తున్నాడా నీకు?" అన్నాడు.

గుర్తులేకపోవడమేమిటి! రైమోతో జోడీగా ఆడిన డిఫెండరు. ఇప్పుడు వెలుతురు పడక కిటికీలకు దుప్పట్లు కట్టుకుని కూర్చుంటాడు. పెళ్ళామే తిండి ముక్కలుగా కోసి నోట్లో పెట్టాలి.

"కిందటి నెల కాఫీకని వెళ్ళా. 'ఎవరబ్బాయ్ నువ్వు, మీటరు చూడటానికొచ్చావా' అన్నాడు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన ఆడాంరా మేం. మా రోజుల్లో అమ్మోనియా వాసన చూపించి మళ్ళీ మంచు మీదికి తోసేవాళ్ళు. వద్దనేవాడు లేడు. నీకేం ఖర్మ? చెప్పెయ్ డాక్టరమ్మకి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆ మాట వినగానే అక్సెలి గుండెల మీద నుంచి పెద్ద బండ ఏదో కదిలినట్టయింది. నన్ను చెప్పమంటావా! ఈ నాలుగు రోజుల్లో అతను వినాలనుకున్న మాట అదొక్కటే. తన నోటితో తాను చెప్పలేడు. చెప్తే ముప్పై నాలుగేళ్ళకే ముసలివాడు. ఐదేళ్ళప్పుడు కాలికి స్కేట్లు కట్టుకున్నాడు, అవి తప్ప ఇంకో పని నేర్చుకున్నది లేదు. చెప్పకపోతే ఎస్కో గదిలో దుప్పట్లు. అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయింది. ఎవరైనా వచ్చి, చెవి పట్టుకుని, నోరు మూసుకుని ఇంట్లో కూర్చో అంటే చాలు. తిడుతూ, ఏడుస్తూ, వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టుకుంటాడు.

అయినా అనాల్సిన మాటలు అనక తప్పదు కదా. ఆటగాడన్నాక అనాలి.

"ఒక్క మ్యాచ్ మామా," అన్నాడు. "రేపొక్కటే. తర్వాత నేనే వెళ్ళి చెప్పేస్తా. ఇంతదూరం వచ్చాక పెట్టె సర్దుకోమంటావా? జట్టు ముఖం ఎలా చూడను?"

అంటూనే లోపల మొక్కుకుంటున్నాడు. వద్దను మామా. ఛీ కొట్టు. చెంప మీద ఒకటియ్యి.

రైమో సరస్సు వైపు చూస్తూ కూర్చున్నాడు. కుర్రతనంలో ఫైనల్లో ఒక్క గోల్ తేడాతో ఓడిపోయి, మెడలో వేసిన వెండి పతకాన్ని ఇంటికొచ్చి ఇదే ఒడ్డు నుంచి నీళ్ళలోకి విసిరేశాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పుచ్చిన మంచు కింద అది ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ముసలాయన పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. తువ్వాలు అంచుని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"ఎప్పుడూ ఎడమదేనా?" అన్నాడు.

"ఆఁ?"

"రెండు కనిపించినప్పుడు. అసలుది ఎప్పుడూ ఎడమదేనా అంటున్నా."

అక్సెలికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మామ మొహం నుంచి చూపు తిప్పుకున్నాడు.

"చాలాసార్లు," అన్నాడు.

"చాలాసార్లంటే కుదరదు. సరిగ్గా చెప్పు. వెలుతురు ఎదురుగా ఉంటే? తల వంచితే?" రైమో ఇప్పుడు అతని వైపు తిరిగి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. కళ్ళు మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాడి కళ్ళలా మెరుస్తున్నాయి. "చూడు, గోడల దగ్గరికి పోకు. అసలు పోకు. బిళ్ళ కర్రకి తగలగానే వదిలెయ్, పట్టుకుని చూసుకోకు. సంతేరిని నీ పక్క నుంచి కదలొద్దంటా. కారణం చెప్పన్లే, చీలమండ అంటా. ఆటంతా మూడు పీరియడ్లు. అంతేగా? మూడే మూడు."

"అంతే," అన్నాడు అక్సెలి.

"తర్వాత సోమవారం పొద్దున్నే నేనే నిన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తా. నా మాట."

అక్సెలి తల ఊపాడు. ఊపితే నొప్పి కళ్ళ వెనక నుంచి మెడ దాకా పాకింది. ఏడుపొచ్చింది. నువ్వు కూడానా మామా అని గట్టిగా అరవాలనిపించింది. అడిగింది తనే, ఇచ్చింది ఆయన. ఇంక ఎవరి మీద అరుస్తాడు? ఇందాకటిదాకా ఈ రహస్యం ఒక్కడి గొంతులో ఉండేది. ఇప్పుడు ఇద్దరు దానికి కాపలా.

వంటింటి తలుపు తెరుచుకుంది. మింత్తు సాసేజ్‌ల పళ్ళెంతో వచ్చి, వరండా మెట్ల దగ్గర ఆగిపోయింది.

"అదేంటి, అప్పుడే బైటికొచ్చేశారు? ఇవింకా రాళ్ళ మీద పెట్టనే లేదు."

 ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టింది. మొగుణ్ణి చూసింది, తండ్రిని చూసింది. చేతికంటిన ఆవాల ముద్దను తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"నాన్నా, నిన్నొకటి అడుగుతా. అక్సెలిని అడిగితే చీలమండ అంటాడు. వంటింట్లో నల్లద్దాలెందుకంటే చీలమండ. కాఫీలో ఉప్పేసుకుని, ఏం తేడా లేనట్టు తాగేశాడు, అదీ చీలమండేనా? నిన్న పాపని మా అత్తగారి పేరు పెట్టి పిలిచాడు. పాప నవ్వింది, నాకు నవ్వు రాలేదు. నువ్వు వాడితో పైమెట్టు మీద కూర్చున్నావు కదా. నువ్వు చెప్పు. నా మొగుడు బాగున్నాడా?"

సౌనా గడప మీద నిలబడి అబద్ధమాడకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. మింత్తుకు దాన్ని చిన్నప్పుడే నేర్పింది ఈ తండ్రే. చాక్లెట్లు దొంగిలించినా, స్కూలు ఎగ్గొట్టినా, ఇక్కడికొచ్చి నిజం చెప్పేస్తే దెబ్బలుండేవి కావు.

రైమో గొంతు సవరించుకున్నాడు. అక్సెలి ఆయన వంకే చూస్తున్నాడు. ఇదే ఆఖరి అవకాశం. ముసలాడా, ఒక్క ముక్క చెప్పు, నన్ను విడిపించు.

"బాగానే ఉన్నాడమ్మా," అన్నాడు రైమో. "నేనే నీళ్ళెక్కువ పోశా. పడమటోళ్ళు ఆవిరి ఎక్కడ తట్టుకుంటారు!"

మింత్తు భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి. "అమ్మయ్యో!" అని నవ్వి, ఏడ్చి, మొగుడి తడి జుట్టు చెరిపేసింది. "చచ్చినంత పనైంది నాలుగు రోజులూ. నాన్న చెప్పాడంటే ఇంకేం. నేనో పిచ్చిదాన్ని, డాక్టరమ్మకి మధ్యాహ్నం ఫోన్ కూడా చేసేశా, ఎత్తలేదు కాబట్టి సరిపోయింది..."

అంతలోనే ఆమె జేబులో ఫోన్ మోగింది. చేతికి ఆవాల ముద్ద ఉంది కదా, రెండో చేత్తో తీసి బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కేసింది. డాక్టర్ లెహ్తోవారా గొంతు వరండా అంతా వినిపించింది.

"మింత్తూ, ఇప్పుడే చూశాను నీ మిస్డ్ కాల్. ఏమైంది?"

"ఏం లేదు డాక్టర్, అనవసరంగా కంగారు పడ్డాను. మా నాన్న దగ్గరుండి చూశాడు, బాగానే ఉన్నాడట."

"మీ నాన్న ఏం చదివాడు? అక్సెలిని పిలువు."

"ఇక్కడే ఉన్నాను," అన్నాడు అక్సెలి.

"ఈ రోజు ఏం వారం?"

"సౌనాలో నుంచి బైటికొచ్చినవాణ్ణి ఏం వారమని అడుగుతారా? శనివారం!" అన్నాడు. మింత్తు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఎక్కడున్నావు?"

"మామగారింట్లో."

"మొన్న గురువారం మ్యాచ్ ఎన్నికి ఎన్ని?"

తన గోల్ గుర్తుంది. కర్ర తగిలిన చప్పుడు గుర్తుంది. సంతేరి మీదపడి వాటేసుకున్నదీ గుర్తుంది. కానీ అంతకుముందు ఎన్ని పడ్డాయి? వాళ్ళు ఎన్ని కొట్టారు? ఊళ్ళో బేకరీ అద్దం మీద కూడా సున్నంతో రాసిపెట్టిన అంకెలవి. తలలో ఆ చోట తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

"అక్సెలీ? వింటున్నావా? ఎన్నికి ఎన్ని?"

మింత్తు మొహం మీద నవ్వు ఇంకా ఉంది కానీ, దాని అంచులు వాడిపోతున్నాయి. ఆమె భుజం వెనక, గోడకు ఆనుకుని, రైమో రెండు చేతులూ గుండెల దగ్గరికి ఎత్తాడు. ఒక చేతికి నాలుగు వేళ్ళు, ఇంకో చేతికి మూడు.  నోటితో చప్పుడు లేకుండా అంకెలు పలుకుతున్నాడు.

చదవకుండా ఉంటే చాలు, అనుకున్నాడు అక్సెలి. కళ్ళు మూసుకుంటే చాలు. తెలీదు అంటే చాలు. ఆట కట్టు, భయం కట్టు, అన్నీ ఇక్కడితో సరి.

"నాలుగు..." అంది అతని నోరు.

మింత్తు మొగుడి కళ్ళలోకి చూస్తోంది. ఆ కళ్ళు తన మీద లేవు. ఫోన్ మీదా లేవు. తన భుజం మీదుగా వెనక్కెక్కడికో చూస్తున్నాయి.

ఆమె గిరుక్కున తిరిగింది. రైమోకు చేతులు దించుకునే వ్యవధి దొరకలేదు.